ఒకే పెట్టెలో పన్నెండూ, ఎనిమిదీ

మా కారు డిక్కీలో ఒకప్పుడు పాతిక కేజీల బియ్యం బస్తా, రెండు అరటి గెలలు, మా అత్తగారి ఆవకాయ జాడీ పట్టేవి. ఇప్పుడు అక్కడ నల్ల గుడ్డ తొడిగిన చెక్కపెట్టె ఒకటి ఉంది. బస్తా వెనక సీట్లో మా అబ్బాయి పక్కన కూర్చుని వస్తోంది.

ఈ పెట్టెకు మూలపురుషుడు మా బావమరిది. వాడు కారు మార్చాడు. పాతదాంట్లోంచి పీకిన పన్నెండు అంగుళాల ఊఫర్‌ని, అదే, పాటలో అడుగు మోత మోగించే స్పీకర్‌ని, పసిపిల్లాడిలా తువ్వాల్లో చుట్టి తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. "బావా, అమ్మితే ఎంతా రాదు, పారేయడానికి మనసొప్పట్లేదు. నువ్వు పెట్టుకో" అన్నాడు. ఇంత నిజాయితీగా ఇచ్చిన బహుమతిని కాదనడం కష్టం.

చిక్కల్లా, నా కారులో అప్పటికే ఎనిమిది అంగుళాలది ఉండడం. సెకండ్ హ్యాండులో కొన్నప్పుడు కారుతోపాటే వచ్చింది. బుద్ధిమంతుడైతే ఒకటి ఉంచుకుని ఒకటి తీసేస్తాడు. రాత్రి మిగిలిన అన్నం పొద్దున పులిహోర అయ్యే ఇంట్లో పుట్టినవాణ్ణి, పనిచేసే వస్తువుని పక్కన పెట్టడం నా వల్ల ఎక్కడవుతుంది? పన్నెండూ ఎనిమిదీ కలిపితే ఇరవై అని లెక్క వేసుకున్నాను. లెక్కల్లో నాకెప్పుడూ మంచి మార్కులే.

మా బెజవాడ జవహర్ ఆటోనగర్‌కి పట్టుకెళ్లాను. ఉత్త ఛాసిస్ వస్తే బాడీ కట్టి, రంగులేసి, నిమ్మకాయలు కట్టి పంపే చోట ఒక చెక్కపెట్టె చేయించడం ఎంత పని? అయినా మనసులో ఓ మూల అనుమానం ఉండి, "సైజులు వేరు కదా, ఫర్వాలేదా?" అని మేస్త్రీని అడిగాను. ఆయన బీడీ పక్కన పెట్టి నన్ను జాలిగా చూశాడు.

"మృదంగం చూశారా సార్? ఓ మూతి పెద్దది, ఓ మూతి చిన్నది. మోగట్లేదా అండి?"

బాలమురళీకృష్ణ ప్రిన్సిపాలుగా పనిచేసిన సంగీత కళాశాల ఉన్న ఊరు మాది. అలాంటి ఊళ్లో మృదంగం పేరెత్తాక ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? ఇంటికొచ్చి మా ఆవిడకి ఈ ఉపమానం గర్వంగా వినిపించాను. ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ తలెత్తకుండానే అంది: "మృదంగం ఎడమ మూతికి తడి రవ్వ అద్దుతారు కదండీ. ఓ కేజీ బొంబాయి రవ్వ తెప్పించమంటారా?"

పెట్టె తయారైంది. లోపల గది ఒకటే, ముందు రెండు కంతలు. ఆ ఆదివారమే అవనిగడ్డలో అత్తారింటికి ప్రయాణం కట్టాం. కంకిపాడు దాకా దివ్యంగా ఉంది. లారీ హారన్ల మధ్య ఏదైనా దివ్యంగానే ఉంటుంది. ఉయ్యూరు దాటి రోడ్డు కాస్త ఖాళీ అయ్యాక కొత్త సినిమా పాట ఒకటి పెట్టి సౌండ్ పెంచాను. దబ్, దబ్, ఆ తర్వాత ఏమీ లేదు, మళ్లీ దబ్. పాట మెట్లు దిగుతుంటే నడుమ రెండు మెట్లు ఎవరో పీకేసినట్టుంది. వెనక నంబరు ప్లేటు మాత్రం తాళం తప్పకుండా గలగలలాడింది. పామర్రులో మలుపు తిరిగి కూచిపూడి చేరగానే సౌండ్ తగ్గించేశాను. తాళజ్ఞానం ఉన్న ఊరు, పరువు పోతుంది.

చల్లపల్లి దగ్గర ఏదో మాడిన వాసన. "నాన్నా, ఎవరో గడ్డి తగలబెడుతున్నారు" అన్నాడు మా అబ్బాయి. అద్దాలు ఎత్తేశాం. వాసన పెరిగింది.

మా మావగారు రేడియో మనిషి. బెజవాడ స్టేషన్ 1948 డిసెంబరు 1న మొదలైంది. అప్పటికి ఆయన నిక్కర్లేసుకునే కుర్రాడు. దశాబ్దాల తరబడి భక్తిరంజని విని నిద్రలేచిన చెవులవి. ముచ్చటపడి కారులో కూర్చోబెట్టి పాట వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని రెండు నిమిషాలు విన్నారు.

"అల్లుడుగారూ, లోపల ఇద్దరున్నట్టున్నారు."

"అవునండీ, ఒకటి పన్నెండు, ఒకటి..."

"ఒకళ్ల మాట ఒకళ్లు విననిచ్చేట్టు లేరు" అని దిగిపోయారు.

తిరిగొచ్చాక గవర్నర్‌పేట సందులో పాత రేడియోలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన మీటర్లూ గీటర్లూ ఏమీ తీయలేదు. గోడ గడియారంలోంచి పెన్సిల్ సెల్ ఊడదీసి, పెద్ద ఊఫర్ వైర్లకి ఆనించాడు. టప్పుమని చిన్న చప్పుడు, కాగితపు శంకువు కాస్త ముందుకొచ్చి నిలబడింది. సెల్ తీస్తే వెనక్కి పోయింది. అదే సెల్, అదే ప్లస్సు, చిన్నదానికి ఆనిస్తే అది వెనక్కి వెళ్లింది. మా మేస్త్రీ ఒకదానికి ప్లస్సూ మైనస్సూ తిరగేశాడన్నమాట. ఒకటి గాలిని తోస్తుంటే ఇంకోటి పీలుస్తోంది.

వైర్లు మార్చాడు. మోత పెరిగింది గానీ, మెట్లు రెండూ ఊడినవి ఊడినట్టే ఉన్నాయి. అప్పుడు కూర్చోబెట్టి చెప్పాడు. ప్రతి ఊఫర్‌కీ సొంత శ్రుతి ఒకటుంటుంది. ఆ శ్రుతికి అటూ ఇటూ దాని కదలిక ముందు వెనకలవుతుంది. ఇద్దరి శ్రుతులూ వేరైతే, కొన్ని స్వరాల దగ్గర ఒకటి ముందుకొచ్చే వేళకి ఇంకోటి ఇంకా వెనకే ఉంటుంది. రెండూ కొట్టుకుని మిగిలేది సున్నా. పైగా లోపల గది ఒకటే కాబట్టి, కాలవలో పెద్ద పడవ పోతే ఒడ్డున కట్టిన దోనె ఊగినట్టు, పెద్దది కదిలినప్పుడల్లా లోపలి గాలి చిన్నదాన్ని ఊపేస్తుంది. దానిష్టంతో పనిలేదు.

మాడు వాసన సంగతి ఇంకా అన్యాయం. రెండూ నాలుగేసి ఓములవే. యాంప్లిఫైయర్ రెండింటికీ సమానంగా వడ్డించింది. పెద్దది మూడొందల వాట్లు అరిగించుకోగలదు, చిన్నది వంద. బంతిలో పెద్దమనిషికి వేసినన్ని బూరెలూ పక్కన కూర్చున్న పసివాడి ఆకులోనూ వేస్తే ఏమవుతుంది? వాడు తినలేక తింటాడు. మా వాడి కాయిల్ వేడెక్కి చల్లపల్లిలో బయటపడింది.

నా లెక్క కూడా తప్పేనట. ఊఫర్‌ని అంగుళాల్లో కూడకూడదు, అట్టు లెక్కన వైశాల్యంలో చూడాలి. పన్నెండంగుళాల అట్టు ఎనిమిదంగుళాల అట్టుకి రెండింతల పైచిలుకు. ఉన్న పెద్ద అట్టు పక్కన చిన్న అట్టు వేసి నేను లాభపడింది ఎంతో ఆలోచించండి. అసలు 50 హెర్ట్జ్ మోత అల ఒక్కటే దాదాపు 7 మీటర్ల పొడవుంటుంది, నా కారు 4 మీటర్లు కూడా లేదు. తల డిక్కీలో పెడితే తోక బెంజి సర్కిల్ వైపు బయటికి వేలాడే జీవిని నేను పెట్టెలో పెంచుతున్నాను.

"మరి రెండూ కలిపి వాడాలంటే దారే లేదా?" అన్నాను. లేకేం. నడుమ చెక్క కొట్టి గదులు వేరు చేయాలి. రెండో యాంప్లిఫైయర్ కొనాలి. అడుగు మోత పెద్దదానికి, ఆ పైది చిన్నదానికి పంచే క్రాస్ఓవర్ పెట్టాలి. ఒకదాని మోత చెవికి ముందు చేరకుండా సర్దాలి. కాగితం మీద ఖర్చు రాసి చూపించాడు. ఆ డబ్బుతో మా బావమరిది ఇచ్చినలాంటిదే ఇంకోటి కొత్తది కొని, బయటికొచ్చి టిఫిన్ తినొచ్చు.

ఉడుకుమోత్తనం ఆగక, ఆఖరి బాణంగా మృదంగం వదిలాను. ఆయన సెల్‌ని మళ్లీ గడియారంలో బిగిస్తూ, నవ్వకుండా అన్నాడు:

"మృదంగం వాయించేవాడికి రెండు చేతులుంటాయండి. మీరు రెండింటికీ ఒకటే వైరు ఇచ్చారు."

ఎనిమిదిని ఊడదీసి, ఆ కంతకి ప్లైవుడ్ బిళ్ల బిగించాడు. పాట పెట్టాడు. ఊడిన మెట్లు రెండూ వచ్చి వాటి చోట కూర్చున్నాయి. ఒకటి తీసేస్తే మోత పెరగడం నా మితవ్యయ సిద్ధాంతానికి తగిలిన పెద్ద దెబ్బ. ఈ సంగతి బావమరిదికి ఇంతవరకూ చెప్పలేదు. వాడి దగ్గర పదంగుళాలది ఇంకోటి ఉందని విన్నాను.

ఎనిమిదంగుళాలది ప్రస్తుతం మా అటక మీద, బూందీ చట్రం పక్కన ఉంది. నాలుగు ఓములు, వంద వాట్లు, చల్లపల్లి దగ్గర ఒకసారి వాసన వచ్చింది తప్ప ఏ లోపమూ లేదు. కావలసినవారు పటమటలో మా ఇంటికొచ్చి ఉచితంగా తీసుకెళ్లవచ్చు. కారులో ఇప్పటికే ఒకటి ఉన్నవాళ్లు మాత్రం దయచేసి రావద్దు.