మా శుక్లాంబర వదిన

దీపావళి వెళ్లిన వారానికల్లా మా వదిన అటక మీది తెల్లబట్టల సూట్‌కేసు దింపిస్తుంది. దింపేది నేనే. దింపేముందు చేతులు కడుక్కోవాలి, సబ్బుతో. ఆ పెట్టె నేలకు ఆనిన దగ్గర్నుంచి భోగి దాకా మా ఇంట్లో కర్ఫ్యూ. కాఫీ వంటింట్లోనే తాగాలి. ఆవకాయ జాడీ వరండాలోకి పోతుంది. మా అన్నయ్య పేపరు చదివి, ఆ సిరా చేతుల్తో సోఫాను ముట్టుకోకూడదు.

లోకం చలికాలంలో మెరూను, ముదురాకుపచ్చ, నెమలికంఠం కట్టుకుంటుంది. వదిన తెలుపు కడుతుంది. అదీ పగలు కాదు, సాయంత్రం ఫంక్షన్లకే. ధనుర్మాసం పట్టేలోపు పెళ్లి రిసెప్షన్లు, తర్వాత అన్నయ్య ఆఫీసు విందు, క్రిస్మస్ డిన్నరు, చివరికి 31 రాత్రి మా అపార్ట్‌మెంటు లాన్‌లో పార్టీ. అన్నిటికీ తెలుపే. కానీ 'తెలుపు' అన్నామా, అయిపోయామే.

"ఇది తెలుపు కాదయ్యా, ఐవరీ. నిన్నటిది పెరల్. శుక్రవారం కట్టింది ఎగ్‌షెల్."

అన్నయ్యకు పాతికేళ్ల కాపురంలో ఒక పద్ధతి ఏర్పడింది. ఆయన వాటిని ఇడ్లీ, పాలకోవా, సగ్గుబియ్యం అని గుర్తుపెట్టుకుంటాడు. "సగ్గుబియ్యం చీర ఇస్త్రీకి వేశావా?" అని అడుగుతాడు, చాలా మర్యాదగానే.

చలికాలంలో తెలుపేమిటని ఎవరన్నా అంటే వదిన దగ్గర ఆధారాలున్నాయి. విక్టోరియా రాణి తెల్ల శాటిన్ గౌనుతో పెళ్లిపీట ఎక్కింది 1840 ఫిబ్రవరి 10న. "ఫిబ్రవరి! లండన్ చలి! ఆవిడకు లేని అభ్యంతరం మీకేమిటి?" 1966 నవంబరులో ట్రూమన్ కపోటీ అనే రచయిత న్యూయార్క్ ప్లాజా హోటల్లో ఇచ్చిన విందుకు ఆడవాళ్లు తెలుపు గానీ నలుపు గానీ వేసుకునే రావాలన్నాడు. ఇదీ ఆవిడకు కంఠతా వచ్చు. సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే దాటాక తెలుపు తొడగకూడదని అమెరికాలో పాత కట్టుబాటు ఒకటి ఉందని డాలస్‌లో ఉన్న వాళ్ల చెల్లెలు ఫోన్లో చెబితే, "మనకు కార్మిక దినం మే 1 కదే, ఎండాకాలంలోనే అయిపోయింది" అని పెట్టేసింది. ఇందులో తర్కం ఎక్కడుందో నేను ఇప్పటికీ వెతుకుతున్నాను.

నా అనుమానం ఏమిటంటే, ఈ తెల్లదనం మంచు పడే ఊళ్ల నుంచి దిగుమతైన సరుకు. అక్కడ బయటంతా తెలుపే గనక జత కుదురుతుంది. మనకు మంచంటే లంబసింగి వెళ్లి ఫొటో దిగడం, లేదా తెల్లారి బండి అద్దం తుడుచుకోవడం. కొండాపూర్‌లో డిసెంబరు రాత్రి ఉండేది మంచు కాదు, దుమ్ము. పైగా మన విందుల్లో ఉండేదంతా పసుపు, కారం, నూనె. గుత్తివంకాయ, ఉలవచారు, మిర్చీ కా సాలన్ వరసగా నిలబడి ఎదురుచూస్తున్న హాల్లోకి ఎగ్‌షెల్ చీరతో వెళ్లడమంటే, కోడిపిల్ల కోట్ల పందెం బరిలోకి షికారుకు వెళ్లినట్టు.

వదినకు ఆ సంగతి తెలుసు. అందుకే ఆవిడ సీజన్లో విందుకు వెళ్తే తెల్లవే తింటుంది. ఇడ్లీ, పెరుగన్నం, వెజిటబుల్ సలాడ్‌లో ముల్లంగి. "డైటింగా అండీ?" అని పక్కావిడ అడిగితే నవ్వి ఊరుకుంటుంది. రాత్రి పదకొండున్నరకు ఇల్లు చేరి, చీర హ్యాంగరుకు ఎక్కించి, నైటీ వేసుకుని, వరండాలోంచి జాడీ తెచ్చుకుని, వేడి అన్నంలో ఆవకాయ, నెయ్యి కలుపుకుని తినే తిండి ఉందే, అది చూడాలి. వదినలో అసలు మనిషి అప్పుడు కనబడుతుంది. నాకు ఆ మనిషంటే చాలా ఇష్టం.

అసలు చెప్పాల్సింది ఇది: తెలుపు కట్టేది ఆవిడ, కాపలా కాసేది మేము. కుర్చీ తుడవడానికి జేబురుమాలు నాది. కారులో సీటు మీద పరిచే దుప్పటి అన్నయ్యది. బఫే దగ్గర నేను ఆవిడకు కుడిపక్క, అన్నయ్య ఎడంపక్క. వస్తాదుల్లాంటి ఇద్దరు మగాళ్లు రెండు మోచేతులూ చాచి నడుస్తుంటే ఎవరో మంత్రిగారి భార్య అనుకుని పక్కకు తప్పుకున్న వాళ్లున్నారు. చిన్నపిల్లలు చాక్లెట్ చేతుల్తో "ఆంటీ!" అని పరుగెత్తుకొస్తే, మధ్యలోనే పట్టుకుని గాల్లోకి ఎత్తడం నా బాధ్యత. పిల్లలంటే నాకు ప్రాణమని మా బంధువుల్లో పేరొచ్చింది ఇలాగే.

ఇంట్లో తెలుపుకు ఎదురు తిరిగింది మా మామ్మ ఒక్కతే. పోయినేడు మేనమామ కూతురి రిసెప్షన్‌కు వదిన కొత్త ఐవరీ పట్టుచీర తీసింది. మామ్మ చూసి, "శుభమా అని పెళ్లికెళ్తూ ఆ తెల్లచీరేమిటే అమ్మాయ్?" అంది.

"మధుపర్కాలు తెల్లవే కదా మామ్మగారూ?"

మామ్మ ఒక్క నిమిషం ఆలోచించింది. "తెల్లవే. ఎర్రంచు ఉంటుంది. నీ దానికి అంచేదీ?"

వదిన దగ్గర దీనికి విక్టోరియా లేదు. అటు తిరిగి గాజులు వేసుకునేలోపు మామ్మ, కొత్తబట్టకు చేయాల్సిన మర్యాద చేసేసింది. చీర చెంగు కొసకు చక్కగా పసుపు పెట్టింది. వదిన కేక విని నేను పరిగెత్తుకొచ్చి, తొందర్లో సబ్బు రుద్దాను. పసుపు కాస్తా ఎర్రబడింది. పసుపులోని కర్క్యుమిన్‌కు క్షారం తగిలితే జరిగేది అంతే. పారాణికి పసుపులో సున్నం కలిపేది అందుకేగా. ఆ సంగతి ఇంటర్లో చదివి కూడా సబ్బు రుద్దిన బుద్ధిమంతుణ్ణి నేను.

మామ్మ వంగి చూసి, "ఆఁ, ఇప్పుడు ఎర్రంచు కూడా వచ్చింది. వెళ్లిరా తల్లీ" అంది.

ఆ రిసెప్షన్‌లోనే ఇంకో దెబ్బ తగిలింది. డీజే కుర్రాడు ఉన్నట్టుండి మామూలు లైట్లు ఆర్పి ఆ ఊదారంగు లైట్లు వేశాడు. సబ్బుపొడుల్లో తెల్లదనం కోసం కలిపే మందు ఆ వెలుగులో నీలంగా మెరుస్తుంది. సబ్బుపొడితో ఉతికిన వడ్డన కుర్రాళ్ల చొక్కాలు, నా జేబురుమాలు, ఒక తాతగారి పంచె దేవలోకంలో ఉన్నట్టు ధగధగలాడాయి. సబ్బుపొడి ఎరగని వదిన పట్టుచీర మాత్రం చద్దన్నంలా వెలవెలబోయింది. ఇంటికొచ్చేదాకా ఆవిడ నా జేబురుమాలు వైపు చూడలేదు.

తెలుపు ఎలా కట్టాలో నేను నిజంగా చూసింది డి బ్లాకు టీచరమ్మగారి ఇంట్లో. గుంటూరు వైపు మనిషి, రిటైరయ్యారు. క్రిస్మస్‌కు తెల్లచీర కట్టడం ఆవిడకు ఫ్యాషన్ కాదు. పెళ్లికీ తెల్లచీరే కట్టారట, వాళ్ల అమ్మా అంతే. రాత్రి డిన్నరుకు వెళ్తే, ఆవిడ మల్లెపువ్వులాంటి చీర కొంగు బొడ్లో దోపి, గరిటెతో గోంగూర మాంసం వడ్డిస్తున్నారు. ఒక చుక్క కుచ్చిళ్ల మీద పడింది. చూశారు. "పడితే పడింది, ఉతుక్కోమూ?" అని రెండో గరిటె వేశారు. పక్కన వదిన పెరుగన్నం ప్లేటుతో నిలబడి ఆ చుక్క వంకే చూస్తూ ఉండిపోయింది, చుక్క తనమీదే పడ్డట్టు.

దాని ఫలితమో ఏమో, 31 రాత్రికి వదిన ఉత్తర్వు మార్చింది. "ఈసారి ఇంటిల్లిపాదీ తెలుపే." అన్నయ్యకు లాల్చీ, నాకు కొత్త చొక్కా. మామ్మ, "నాకెలాగూ తెలుపేగా" అని జుట్టు చూపించి పడుకుంది.

లాన్‌లో మంచి చలి. వదిన ఆ రాత్రి పాలకోవాలో ఉంది. స్వెటరు వేస్తే రంగు చెడుతుందని వణుకుతూ నవ్వుతోంది. పన్నెండు కొట్టింది. కుర్రాళ్లు ఆ నురగ స్ప్రేలు తీసి అందరి మీదా చల్లారు. మెరూన్లు, నల్లకోట్లు, నెమలికంఠాలు మచ్చలు మచ్చలుగా తయారయ్యాయి. తెల్లనురగ తెల్లచీర మీద కనబడితేగా! జనమంతా దులుపుకుంటూ ఉంటే మధ్యలో వదిన ఒక్కతే వెన్నెల్లా నిలబడింది. అన్నేళ్ల తపస్సుకు ఫలం దక్కినట్టు చుట్టూ చూసింది. ఆ ఉత్సాహంలో, నా కళ్లతో నేను చూశాను, బిర్యానీ కౌంటరు వైపు నాలుగడుగులు వేసింది.

అప్పుడే ఎవరో కుర్రాడు సాలన్ గిన్నెతో వెనక్కి తిరిగాడు. ఏళ్ల తరబడి చేసిన సాధన ఊరికే పోతుందా! ఆలోచించకుండానే మధ్యలోకి దూకాను. మెడ దగ్గర్నుంచి బెల్టు దాకా, వేరుశనగ, నువ్వులు, నూనెతో సహా, మొత్తం నామీదే.

వదిన నా కొత్త చొక్కాను పైనుంచి కిందికి చూసింది.

"తెలుపు అందరికీ చేతకాదయ్యా" అంది జాలిగా. అని, అంటుకుంటుందేమోనని రెండడుగులు వెనక్కి వేసింది.