డ్రాప్ అనలేని నోరు

మా వైపు పెళ్లిలో ముహూర్తం తర్వాత అంత ముఖ్యమైంది విడిది. విడిదిలో ముఖ్యమైంది మూలన పరిచిన జంపఖానా. సూత్రధారణ వేళకు లేచి, నాలుగు అక్షింతలు విసిరి, మేళం ఆగేలోపు మళ్లీ వచ్చి కూర్చునే పేకాట బృందం ఒకటి అక్కడ ఉంటుంది. ముప్ఫయ్యేళ్లుగా నేను అందులో సభ్యుణ్ని. నిజం చెప్పాలంటే పోషకుణ్ని.

ఇన్నేళ్లలో నాకు రమ్మీ ఏమీ ఒంటబట్టలేదంటే అన్యాయం. ఎవరు ఏ ముక్క కొట్టారో, ఎవరు ఏది ఎత్తుకున్నారో గుర్తుంటుంది. ఆటీను 5, 7 పట్టుకుని కూర్చుంటే కావలసిన 6లు రెండు కట్టల్లోనూ కలిపి రెండే అనీ, అదే 6, 7 పట్టుకుంటే అటు 5లు రెండు, ఇటు 8లు రెండు, వెరసి నాలుగు పనికొస్తాయనీ తెలుసు. జత కుదరని బొమ్మ ముక్కలు ముందే వదిలించుకోవాలనీ తెలుసు. ఇవన్నీ ఎక్కాల్లాంటివి, వల్లె వేస్తే వస్తాయి. వల్లె వేసినా రానిది డ్రాప్.

ఆట తెలియనివారి కోసం రెండు ముక్కలు. 201 ఆటలో ముక్కలు చూసుకోగానే బాగా లేవనుకుంటే అక్కడే బోర్లా పడేసి ‘డ్రాప్’ అనొచ్చు, 25 పడుతుంది. కొంత ఆడి మానుకుంటే 50. మానుకోకుండా కూర్చుని, ఇంకొకరు షో కొట్టేసరికి జోకరు లేని సీక్వెన్సు ఒక్కటి కూడా కుదరకపోతే ఫుల్ కౌంట్, 80. 201 తాకితే అవుట్. 25 చిన్నదా, 80 చిన్నదా అని మూడో తరగతి పిల్లాణ్ని అడిగినా చెబుతాడు. వాడి చేతిలో ముక్కలు ఉండవు కదా, అందుకని.

మొన్న మాఘమాసంలో తణుకు పెళ్లిలో ఆరుగురం కూర్చున్నాం. నా లెక్క 62. డ్రాప్ అంటే 87 అవుతుంది, ఆపైన మరో నాలుగు డ్రాపులకు చోటుంటుంది. పంచిన ముక్కలు విప్పి చూస్తే, చుట్టరికం లేని బొమ్మ ముక్కలు, పదులు కలిపి ఏడు. జోకరు లేదు. ఆ గుంపులో, ముసలాళ్ల మధ్య కొత్త దంపతుల్లా, ఆటీను 6, 7.

ఆ జంటను విడదీయడానికి మనసొప్పలేదు.

ఆరుగురికి పదమూడేసి పంచితే 78 ముక్కలు పోయాయి. కట్టలో మిగిలేవి 26, అచ్చు జోకర్లుంటే అవి అదనం. అంటే నాక్కావలసిన నాలుగు ముక్కల్లో ఇంచుమించు మూడు ఎదుటివాళ్ల చేతుల్లోనే ఉంటాయి. ఇదంతా నాకు అప్పుడే, అక్కడే తెలుసు. తెలిసే “ఆడతాను” అన్నాను. మూడో తడవలో మా బావగారు షో కొట్టారు. నా 62 కాస్తా 142 అయింది. ఆయన చేతిలో ఆటీను 8లు రెండూ ఉన్నాయి.

“డ్రాప్ అనాల్సింది బావగారూ!” అన్నారు, పాయింట్లు రాస్తూ. నేను ఆడతాననగానే అందరికంటే ఎక్కువ సంతోషించిందీ ఆయనే.

వెనకటికి ఇలాంటప్పుడు తలరాత అని సరిపెట్టుకునేవారు. కానీ 1967లో సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు తేల్చింది. గెలిచేవాళ్లకు అది ఊరట. నాలాంటివాడికి మాత్రం ఉన్న ఒక్క సాకూ ఊడింది.

ఇక ముక్కలేమిటో దాచుకోలేని నా మొహం సంగతి. జోకరొస్తే నేను కూనిరాగం తీస్తానట. నాకు తెలియదు, మా ఆవిడ చెప్పింది. “ఏమండీ, జోకరొచ్చిందని వంటింట్లోకి వినబడుతోంది” అంది. మానేశాను. అప్పుడు నేను నోరు మూసుకుంటే జోకరొచ్చినట్టని కనిపెట్టారు. సరే, ఏమొచ్చినా పాడదామని మొదలుపెడితే, చెత్త ముక్కలకు శ్రుతి పోతోందట. మా బావగారికి సంగీతం కూడా వచ్చు.

ఓడుతున్నప్పుడు ఆట వదిలి లేవడం గురించి ఎక్కువ చెప్పను. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలనే సామెత పేకాటలో ఓడినవాడే పుట్టించి ఉంటాడని నా అనుమానం. నాలా లేవలేనివాళ్లు చాలామందే ఉన్నారు కాబోలు, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రమూ దేశమంతటికీ చట్టం చేసింది. మంచి పనే. విడిదిలోనైతే ఎంత పోయినా “విస్తళ్లు వేశారు, రండి” అనే కేక ఒకటి వచ్చి మనిషిని లేపుతుంది. ఫోన్లో ఆడేవాణ్ని ఎవరు లేపుతారు?

వచ్చే నెల భీమవరంలో మేనకోడలి పెళ్లి. శుభలేఖ ఇంకా అందలేదు కానీ బావగారు నిన్ననే ఫోన్ చేశారు. “కొత్త కట్టలు రెండు కొన్నాను. మీరేమీ తేవద్దు బావగారూ, మీరొస్తే చాలు” అన్నారు. అత్తవారి వైపు నుంచి ఇంత మర్యాద నాకు పెళ్లయిన కొత్తలో కూడా జరగలేదు.