కంట్రోలర్‌ను కంట్రోల్ చేయడమెలా?

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం ముందు కాసేపు నిలబడితే చాలు, చేతిలో పాంప్లెట్లు పడతాయి. జావా, పైథాన్, శాప్, క్లౌడ్, నెల రోజుల్లో ఇంగ్లీషు. ఇంట్లో కంప్యూటర్ మీద విమానం నడుపుతూ నిజం మనిషితో ఏటీసీ, అంటే విమానాలను నడిపించే కంట్రోలర్ల భాష, మాట్లాడటం నేర్పిస్తామన్న పాంప్లెట్ మాత్రం నా చేతిలో ఎవరూ పెట్టలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ పాఠం. డెమో క్లాసు అనుకోండి.

కొత్తవాళ్లకు ముందు రెండు ముక్కలు. మీ దగ్గర మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటరో, ఎక్స్-ప్లేనో ఉంటే దాన్ని వాట్సిమ్ అనే నెట్‌వర్కుకి కలపొచ్చు. 2001లో మొదలైంది. దానికంటే ముందే, 1998లో, ఐవావో అని ఇంకోటి పుట్టింది. రెండూ ఉచితమే. కలిశాక మీ కిటికీలోంచి కనబడే ప్రతి విమానాన్నీ ఎవరో ఒకరు తమ ఇంట్లో కూర్చుని నడుపుతుంటారు. టవర్లోంచి వినబడే గొంతూ మనిషిదే, పైసా జీతం తీసుకోని మనిషిది. ఆఫీసు నుంచి వచ్చి, అన్నం తిని, హెడ్‌సెట్ తగిలించుకుని శంషాబాద్ టవర్ తెరుస్తాడు. ఆ కుర్చీ కోసం నెలల తరబడి శిక్షణ తీసుకుని, పరీక్షలు రాసి, గ్రౌండ్ నుంచి టవర్‌కు, టవర్ నుంచి అప్రోచ్‌కు మెట్టు మెట్టుగా ఎక్కి ఉంటాడు. జీతం లేకుండా ఇంత కష్టపడ్డాడంటే అతనికి వేరే పనేమీ లేదన్నమాట. మన పాఠమంతా ఈ సూత్రం మీదే నడుస్తుంది.

చేరగానే చిన్న కోర్సు, దాని మీద ఓ పరీక్ష పెడతారు. చదవకండి. డంపులు ఎందుకున్నాయి? సీనియర్ ఎవరినైనా పట్టుకుని జవాబులు రాబట్టి, టిక్కులు పెట్టి బయటపడండి. ఆ తర్వాత ఫ్లైట్ ప్లాన్ వేసేటప్పుడు రిమార్కుల గడి ఒకటి ఉంటుంది. కొత్తవాళ్లు అందులో ‘నేను కొత్త’ అని రాసుకుంటే కంట్రోలర్ నెమ్మదిగా మాట్లాడతాడు, తప్పు చేస్తే ఓపిగ్గా సరిదిద్దుతాడు. మాట్లాడటానికి బెరుకైతే టెక్స్ట్‌లో నడిపిస్తానని కూడా అక్కడే చెప్పొచ్చు. రెండూ మనకు నామోషీ. ఏ కంపెనీ మొహమూ చూడకుండానే ఐదేళ్ల ఎక్స్‌పీరియన్స్ రెజ్యూమేలో ఎక్కించగల ఊరు మనది. ఆ గడిలో కూడా సీనియర్ కెప్టెన్ అనే రాయండి. తర్వాత ట్యాక్సీవే పేరు అడిగినప్పుడు నీళ్లు నమిలితే, నెట్ స్లోగా ఉందనండి.

మొదటి ప్రయాణానికి హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లమని పిరికివాళ్లు చెబుతారు. ఏటీఆర్‌లో గంటలోపు పని, రద్దీ తక్కువ. మీరు ‘క్రాస్ ది పాండ్’తో మొదలుపెట్టండి. అట్లాంటిక్ మీదుగా జనమంతా ఒకేరోజు ఎగిరే జాతర అది, వాట్సిమ్‌లో ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. స్లాట్లు ముందుగా బుక్ చేసుకోవాలట. తిరుమల దర్శనానికే రికమెండేషన్ లెటర్ సంపాదించేవాళ్లం, ఇక్కడ క్యూ కడతామా?

లేదు, విజయవాడే వెళ్తానంటారా, సరే. టైము దగ్గర జాగ్రత్త. విమానాల లోకమంతా జులు టైములో నడుస్తుంది, మన గడియారంలోంచి ఐదున్నర గంటలు తీసేయాలి. ఆ తీసివేతలు మనకెందుకు? సాయంత్రం నాలుగింటికి బయల్దేరుతుంటే 16.00 అనే రాయండి. కంట్రోలర్ మిమ్మల్ని రాత్రి తొమ్మిదిన్నరకు ఎదురుచూస్తాడు, అది అతని ఖర్మ. ఎత్తు విషయంలోనూ ఒక చాదస్తం ఉంది. తూర్పు దిక్కుకు వెళ్లేవాళ్లు బేసి లెవెల్, పడమటికి వచ్చేవాళ్లు సరి లెవెల్ తీసుకోవాలి. ఎదురెదురు విమానాలు ఒకే ఎత్తులో తగలకుండా ఈ ఏర్పాటు. విజయవాడ మనకు తూర్పు ఆగ్నేయం, కాబట్టి బేసి. కానీ మీ లక్కీ నంబర్ ఆరు అని న్యూమరాలజిస్టు చెప్పి ఉంటే ఆయన మాటే వినండి.

లక్కీ నంబరంటే గుర్తొచ్చింది. కంట్రోలర్ మీకు నాలుగంకెల స్క్వాక్ కోడ్ ఇస్తాడు. దాన్ని ట్రాన్స్‌పాండర్‌లో పెడితేనే అతని స్క్రీన్ మీద మీ చుక్క మీదేనని తెలుస్తుంది. వెంటనే ఒప్పుకోకండి. ఖైరతాబాద్ ఆర్టీఏలో 9999 కోసం లక్షలు పోసే మనుషులం, 4521 లాంటి బక్క నంబర్ తీసుకుంటామా? 9999 కావాలని గట్టిగా అడగండి. ట్రాన్స్‌పాండర్లో సున్నా నుంచి ఏడు దాకానే అంకెలుంటాయి, అందుకే మొత్తం కోడ్లు 4096 మాత్రమే, తొమ్మిది అనేదే అక్కడ లేదు అని అతను వివరించబోతాడు. మేనేజర్‌తో మాట్లాడాలనండి. మరీ కోపమొస్తే 7500 పెట్టి చూడండి. అది హైజాక్ కోడు, నెట్‌వర్క్‌లో సరదాకు కూడా వాడకూడదు. సూపర్‌వైజర్ ఎంత వేగంగా ప్రత్యక్షమవుతాడో అప్పుడు తెలుస్తుంది. మేనేజర్ కావాలన్నారుగా.

పార్కింగ్ స్టాండ్‌లో నిలబడి కనెక్ట్ అవ్వాలన్నది రూలు. రన్‌వే మీదే ప్రత్యక్షమైతే పుష్‌బ్యాక్ లేదు, ట్యాక్సీ లేదు, డీజిల్ ఆదా. ఆ క్షణాన ఎవరో అదే రన్‌వే మీద చక్రాలు ఆనించబోతుంటే, అతను గాల్లోకి లేచి మళ్లీ చుట్టూ తిరిగి వస్తాడు. తిరగనీయండి, పెట్రోలు ఖర్చు లేదుగా.

ఇక అసలు పాఠం, మాట్లాడటం.

గ్రాఫిక్స్ కార్డు మీద ఎంత డబ్బుంటే అంతా పెట్టండి. సికింద్రాబాద్ సీటీసీలో జాయ్‌స్టిక్ కూడా కొనండి. మైకు దగ్గరికొచ్చేసరికి పొదుపు పాటించి, ఫోనుతో వచ్చిన పాత ఇయర్‌ఫోన్ వాడండి. ఎస్సార్ నగర్ హాస్టల్లో ఉంటే మరీ మంచిది. మెస్ గంట, రూమ్మేట్ రీల్స్, కింద బోరు మోటారు, ఫ్లాట్‌లో అయితే కుక్కర్ విజిళ్లు, ‘ఒరేయ్ చారు చల్లారిపోతోంది’ అన్న అమ్మ కేక, అన్నీ చెన్నై ఎఫ్ఐఆర్ అంతా వినబడాలి. ఎఫ్ఐఆర్ అనగానే పంజాగుట్ట పోలీస్ స్టేషన్ గుర్తుతెచ్చుకుని కంగారు పడకండి. హైదరాబాద్ మీది ఆకాశం చెన్నై పరిధిలోకి వస్తుంది, ఆ పరిధికే ఆ పేరు.

మాట్లాడటానికి బటన్ నొక్కాలి. నొక్కేముందు ఫ్రీక్వెన్సీ మీద కాసేపు చెవి పెట్టాలని, ఒకరి ప్రశ్న, దానికి జవాబు రెండూ అయ్యాకే నోరు తెరవాలని అంటారు. రేడియోలో ఒకేసారి ఇద్దరు నొక్కితే ఇద్దరిదీ వినబడదు, కీచుమని శబ్దం వస్తుంది. వాట్సిమ్‌లో 2019లో వచ్చిన కొత్త వాయిస్ వ్యవస్థ ఆ కీచు శబ్దాన్ని కూడా అచ్చంగా దించేసింది. మనకు పంజాగుట్ట చౌరస్తా అలవాటే. సాయంత్రం ఆరింటికి అక్కడ సిగ్నల్ పడకముందే అందరూ కలిసి హారన్ కొట్టినట్టు, మీరూ బటన్ వదలకుండా కొడుతూనే ఉండండి. చివరికి మీ గొంతే మిగులుతుంది.

ఏం మాట్లాడాలి? రేడియో ఇంగ్లీషుకు కావలసినవి గుప్పెడు మాటలు. ఎవరిని పిలుస్తున్నారో, మీరెవరో, ఎక్కడున్నారో, ఏం కావాలో. అంతే. స్టాండ్‌బై అంటే నోరు మూసుకుని ఆగమని, అనేబుల్ అంటే నావల్ల కాదని. అంకెల్లో మూడును ట్రీ అని, ఐదును ఫైఫ్ అని, తొమ్మిదిని నైనర్ అని పలకమంటారు, గరగర మధ్యలో కూడా తేడా తెలియాలని. ఇంత పొదుపైన భాష మన మర్యాదకు సరిపోదు. ‘గుడ్ ఈవినింగ్ సర్, మైసెల్ఫ్ ఫ్రమ్ అమీర్‌పేట సర్, ఐయామ్ హావింగ్ వన్ స్మాల్ రిక్వెస్ట్ సర్’ అని మొదలుపెట్టి, మీ విమానం పేరు మాత్రం చివరిదాకా దాచండి. సస్పెన్స్ ఉండాలి. వెనకాల ఆరుగురు ల్యాండింగ్ కోసం వేచి ఉన్నా సరే, ‘కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్’ అనకుండా బటన్ వదలొద్దు.

కంట్రోలర్ చెప్పిన రన్‌వే, ఎత్తు, దిశ, స్క్వాక్ కోడు, అన్నీ తిరిగి అప్పజెప్పాలట. మనం చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పీ అప్పజెప్పీ విసిగిపోయాం. ‘ఓకే సర్, థాంక్యూ సర్’ చాలు.

ఈ చాదస్తానికి కొందరు పెద్దలు చరిత్ర చెబుతారు. 1977 మార్చి 27న టెనెరిఫేలో, పొగమంచులో, కేఎల్ఎం జంబో టేకాఫ్‌కు పరుగందుకుంది. కోపైలట్ అన్న మాటను టవర్ వేరేలా అర్థం చేసుకుంది. టవర్ ఇచ్చిన జవాబు ఓకే అని మొదలైంది. మిగతా జవాబూ, తాము ఇంకా రన్‌వే మీదే ఉన్నామన్న పాన్ యామ్ పైలట్ల మాటా ఒకదాని మీద ఒకటి పడి కాక్‌పిట్‌లో కీచుమన్నాయి. రెండు విమానాలూ ఢీకొని 583 మంది పోయారు. టేకాఫ్ అన్న మాటను అనుమతి ఇచ్చేటప్పుడో, దాన్ని రద్దు చేసేటప్పుడో తప్ప వాడకూడదన్న నియమం ఆ తర్వాతే బిగిసింది. మన దగ్గరి కథ ఇంకొకటి, 1996 నవంబర్ 12, హర్యానాలోని చర్ఖీ దాద్రీ. కజక్ విమానం 15,000 అడుగుల దగ్గర ఆగాలి, ఎదురుగా సౌదీ విమానం 14,000 దగ్గర ఉంది. కజక్ విమానం ఆగకుండా దిగిపోయింది. 349 మంది. భారత గగనతలంలోకి వచ్చే విమానాలకు ఢీకొనకుండా హెచ్చరించే పరికరం తప్పనిసరి అయింది ఆ తర్వాతే. ఇవన్నీ విన్నాక మీరు ఒకటే అనాలి: అవి నిజం విమానాలు సార్, ఇది ఆట. ఆట ఆడటానికే గదా ఆ కంట్రోలర్ అబ్బాయి కూడా రాత్రిపూట హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్నాడు అని ఎవరైనా అంటే, ఫ్రీక్వెన్సీ మార్చేయండి.

కంట్రోలర్ గొంతులో తెలుగు యాస వినబడిందా, పండగే. విమానం సంగతి పక్కన పెట్టి ‘అన్నా, ఏ ఊరన్నా మనది?’ అనండి. గుంటూరంటే ఏ వీధి, వరంగల్లంటే ఏ కాలేజీ, డాలస్ నుంచి అంటే హెచ్1బీ సంగతి. మిగతా పైలట్లు ఫ్రీక్వెన్సీలో ఎదురుచూస్తారు. వాళ్లు మన చుట్టాలు కారు.

మధ్యలో డోర్‌బెల్ మోగి బిర్యానీ వస్తే పాజ్ నొక్కండి. అనుమతి లేకుండా నొక్కకూడదు, ఎందుకంటే మీ వెనక వచ్చే విమానానికి పాజ్ ఉండదు. కంట్రోలర్ ఎవరూ లేని ఆకాశంలోనైతే 122.800 మీద మీరేం చేయబోతున్నారో చెప్పుకుంటూ వెళ్లాలి. ఎవరూ వినడం లేదనుకుని పడుకోండి. అరగంటకు మించి సీటు వదిలిపోకూడదన్న నిబంధన నిద్రలో వర్తించదని మీరే తీర్మానించుకోవచ్చు. లేచేసరికి విమానం బంగాళాఖాతం మీదుంటే 7700 పెట్టి ఎమర్జెన్సీ ప్రకటించండి. అందరూ పని ఆపి మీ చుట్టూ తిరుగుతారు. నాకిప్పుడు తీరిక లేదు, ఎమర్జెన్సీ విరమించుకోండి అని కంట్రోలర్ అంటే విరమించుకోవాలి, లేదా డిస్‌కనెక్ట్ కావాలి. మీరు రెండూ చేయకండి.

తిరుగు ప్రయాణానికి ఒక సలహా, ఇది అచ్చంగా అమీర్‌పేటవాళ్లకే. ప్లాన్ శంషాబాద్‌కు వేసి, చివరి నిమిషంలో బేగంపేటలో దిగండి. ఇంటికి దగ్గర, క్యాబ్ ఖర్చు కలిసొస్తుంది. రెండుచోట్లా రన్‌వేలు 09, 27లే కాబట్టి పొరపాటు పడ్డానని కూడా బుకాయించొచ్చు. శంషాబాద్‌లో రెండు రన్‌వేలు ఉన్నందుకు పక్కన ఎల్, ఆర్ తగిలిస్తారు, అంతే తేడా. ప్రయాణికుల విమానాలు 2008 మార్చి 23న బేగంపేట వదిలి వెళ్లిపోయాయని కంట్రోలర్ గుర్తుచేస్తే, మాకు ఆ జీవో అందలేదనండి. అదే బేగంపేటలో, మన ఇళ్లకు కూతవేటు దూరంలో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ శిక్షణ కేంద్రం ఉంది. జూనియర్ ఎగ్జిక్యూటివ్ పరీక్ష నెగ్గినవాళ్లు అక్కడ నిజం ఏటీసీ పాఠాలు నేర్చుకుంటారు. ఎవరు ఏం చెప్పారో విని, అదే మాట తిరిగి చెప్పించుకోవడం వాళ్ల మొదటి పాఠాల్లో ఒకటి. గోడ ఇవతల పుట్టినవాళ్లం, మనకు ఆ విద్య గాలిలోనే అంటుకుని ఉండాలి.

ఈ పాఠం తు.చ. తప్పకుండా పాటిస్తే వారం తిరక్కుండా సూపర్‌వైజర్లందరికీ మీ పేరు తెలుస్తుంది. ఆపైన ఖాతా సస్పెండ్ అవుతుంది. ఒక మనిషికి ఒకే ఖాతా కాబట్టి మా తమ్ముడి పేరుతో తెరుస్తానంటే అదీ కుదరదు. అప్పుడు నాకు ఫోన్ చేయకండి. కట్టిన ఫీజు ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు ఇవ్వబడదు.