మరుగున పడ్డ రుచులట!

హైదరాబాదులో ఉండే మా మేనల్లుడు ఉగాదికి వస్తూ ఓ వంటల పుస్తకం పట్టుకొచ్చాడు. "మావయ్యా, మన ఉత్తరాంధ్రలో మరుగున పడ్డ రుచుల మీద రాశారు" అన్నాడు. అట్ట మందం, కాగితం నునుపు, ధర నాలుగంకెలు. బొమ్మల్లో లేని వస్తువు లేదు. మట్టి మూకుడు, తాటాకు విసనకర్ర, పక్కన మడత పెట్టిన పొందూరు ఖద్దరు కూడా. వండిన మనిషి మాత్రం ఏ పేజీలోనూ కనబడలేదు.

ముందుమాటలో ఉద్దానం గురించి పేజీడు వర్ణన. కొబ్బరి, జీడి, పనస తోటలతో అది భూలోక స్వర్గమట. అక్కడి నీళ్ల మహిమ వల్లే కూరలకు ఆ రుచట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ స్వర్గంలోని జీడిని, కొబ్బరిని వేళ్లతో సహా పెకలించిన ముచ్చట ఆ పేజీలో పట్టలేదు. ఇక నీళ్లంటారా? ఇంటికో కిడ్నీ రోగి కథ వినిపించే ఆ ఊళ్లకు వెళ్లి, రచ్చబండ దగ్గర నిలబడి, "మీ నీళ్ల మహిమ" అని ఒక్కసారి గట్టిగా అని రండి. రుచిని ఉంచుకుని మనుషుల్ని వడగట్టెయ్యడం ఈ పుస్తకం నేర్పే మొదటి వంట.

అయినా వండి చూద్దామనుకున్నాం. అంటే నేను చదవడం, మా ఆవిడ వండడం. 'కన్యాశుల్కం' మొదలయ్యేదే మా విజయనగరం బొంకులదిబ్బ దగ్గర. గిరీశం తిరిగిన ఊరి గాలి పీల్చినవాణ్ణి కనక, పని ఒకరు చేస్తుంటే ఉపన్యాసం ఇచ్చే విద్య నాకు వేరే నేర్పక్కర్లేదు.

మొదటిరోజు పనసపొట్టు ఆవ పెట్టిన కూర. 'పనసపొట్టు దొరక్కపోతే డబ్బాలో వచ్చే ఉప్పునీటి పనసముక్కలు వాడవచ్చు' అని ఉంది. మా బజారులో కత్తికి నూనె రాసుకుని టకటకా పొట్టు కొట్టి ఇచ్చేవాళ్లు ఈ వాక్యం వింటే ఆ కత్తి ఎటు తిప్పుతారో చెప్పలేను. నువ్వుల నూనె లేకపోతే ఆలివ్ నూనె అట. సరే, అదీ దాటాం. చివర్లో 'ఆవముద్ద వేసి, మూతపెట్టి, సన్నని సెగ మీద 8 నిమిషాలు మగ్గనివ్వాలి' అని చదివేసరికి మా ఆవిడ గరిటె దించింది.

"ఆవ పొయ్యి మీద పెడతారటండీ?"

"పుస్తకంలో ఉంది" అన్నాను, వేదంలో ఉందన్న ధీమాతో.

ఆవ ఘాటు గింజలో నిద్రపోతుంటుంది. నూరి నీళ్లు తగిలిస్తే లేస్తుంది. దాన్ని లేపే ఎంజైము సెగ తగిలితే చచ్చిపోతుంది. అందుకే కూర దించి, చల్లారాక ఆవ కలుపుతారు. మా ఆవిడకి ఎంజైము పేరు తెలీదు, దాని ప్రాణం ఎక్కడుందో తెలుసు. పుస్తకానికి పేరు తెలుసు. పీఠికలో పేజీన్నర దాని గురించే రాసి, పద్ధతిలో 8 నిమిషాలు మూతపెట్టి చంపింది. ఆ పూట కూరలో ఘాటు లేదు, చేదు మిగిలింది.

రెండోరోజు గుమ్మడికాయ బెల్లం పులుసు, 'ఇద్దరికి సరిపడా'. ఆరు ముక్కలు లెక్కపెట్టి వేయించారు. రెండోనాటికి గాని అసలు రుచి పట్టని పులుసును ఇద్దరికి సరిపడా వండడమేమిటో, మర్నాటికి మిగలని పులుసూ ఒక పులుసేనా అని మా ఆవిడ గిన్నె కడుక్కుంటూ అడిగింది.

మూడోరోజు అసలు ఘట్టం. 'ఫెర్మెంటెడ్ ఫింగర్ మిల్లెట్ ప్రోబయోటిక్ బౌల్'. నోరు తిరగడానికే పావుగంట పట్టింది. తీరా చూస్తే చోడంబలి! ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఉండాల్సిన చోట అవకాడో ముక్కలు, పైన చియా గింజలు.

మరుగున పడిందట. ఎవరికి? 1983లో ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక, పండక్కి మాత్రమే దొరికే వరన్నం పేదవాడి కంచంలోకి రోజూ వచ్చింది. మంచిదే. మా పట్నం వాళ్లం మాత్రం దాన్ని సాకుగా తీసుకుని, అంబలి ముంతను మొరటుతనానికి గుర్తు చేశాం. పల్లె నుంచి వచ్చిన పిల్లవాడు బళ్లో అంబలి పేరెత్తితే నవ్వాం. తర్వాత మాకు షుగరొచ్చింది. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది. అప్పుడు గుర్తొచ్చింది, మాకో 'మరుగున పడ్డ వారసత్వం' ఉందని. మా గాజులరేగ పరిశోధన స్థానం చోడిలో చంపావతి, వేగావతి అని మా ఏళ్ల పేర్లతోనే రకాలు తెచ్చింది. ఆ ఏటిగట్ల మీద చోడి పండించేవాళ్లు దేన్నీ మరిచిపోలేదు. మరిచిన వాళ్లం పుస్తకం అచ్చేసుకుని, గుర్తుచేసినందుకు మమ్మల్ని మేమే సన్మానించుకుంటున్నాం.

చెప్పినట్టే పిండి కలిపి 'రాత్రంతా ఫ్రిజ్‌లో పులియనిచ్చాం'. పొద్దున్న కాయగూరలమ్మ బుట్ట దించితే, మా ఆవిడ గ్లాసుడు ఆమెకీ ఇచ్చింది. ఒక గుక్క తాగి మా మొహాలు చూసింది.

"రేతిరి దీన్ని ఏటి సేసినారమ్మా?"

"ఫ్రిజ్‌లో పెట్టాం. పుస్తకంలో అలా ఉంది."

"ఒలమ్మ! సలికి ఒణుకుతాది గానీ పులుస్తాదేటి? అంబలికి పుస్తకమేటి బాబూ, మరిసిపోనోలకి గానీ! ఇది పులవనేదు. అంబలి కాదిది, జావ." గ్లాసు కడిగి బోర్లించి, బుట్ట నెత్తిన పెట్టుకుని ఎండలోకి వెళ్లిపోయింది.

సాయంత్రం మేనల్లుడు ఫోను చేశాడు. "పుస్తకం ఎలా ఉంది మావయ్యా?"

"పులవలేదురా" అన్నాను.