వడ్డీకాసులవాడి లోన్ దరఖాస్తు

కరోనా దేవుడు చేసిన పని అని తేలిపోయింది. 2020 ఆగస్టు 27న జీఎస్టీ కౌన్సిల్ సమావేశం ముగిశాక ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారే ఆ మాట అన్నారు. రాష్ట్రాలకు ఇవ్వాల్సిన పరిహారంలో 2.35 లక్షల కోట్లు తరుగు పడుతుందట. అది దైవ ఘటన కనక రాష్ట్రాలు అప్పు తెచ్చుకోవచ్చట. ఆ తర్వాత నాలుగో రోజున, ఆర్థిక సంవత్సరం మొదటి మూడు నెలల్లో జీడీపీ 23.9 శాతం కూలిందన్న లెక్క వచ్చింది. అదే రోజు బ్యాంకు కిస్తీలకు ఇచ్చిన మారటోరియం చెల్లిపోయింది. మర్నాడు, సెప్టెంబర్ 1న, తమిళనాడులో పెద్ద గుళ్ళ తలుపులు తీశారు. చేసినవాడు లోపలే ఉన్నాడు, ఏమన్నా ఉంటే ఆయన్నే అడుక్కోండి అన్నట్టు.

సరే, అడుగుదాం. కానీ ముక్కోటి దేవతల్లో ఎవర్ని? తెలుగువాళ్ళకు ఆట్టే వెతుకులాట అక్కర్లేదు. అప్పు సంగతి అనుభవం మీద తెలిసిన దేవుడు మనకు ఒక్కడే. పద్మావతితో పెళ్ళికి చేతిలో కాసు లేక కుబేరుడి దగ్గర పత్రం రాసిచ్చాడు. బ్రహ్మ, శివుడు, రావిచెట్టు సాక్షులు. అసలు కలియుగం చివర్లో, అందాకా వడ్డీ. ఆ వడ్డీ కడుతూనే వడ్డీకాసులవాడయ్యాడు. ఆ ఏడాది మార్చి 20న తిరుమలలో దర్శనాలు ఆపేస్తే మళ్ళీ మొదలైంది జూన్ 8న. దాదాపు 80 రోజులు హుండీలో చిల్లర మోగలేదు. చేశాడో లేదో తర్వాత చూద్దాం, ముందు ఆయన కూడా కొట్టు మూసుకున్న బాధితుడే.

బాధితుడన్నాక సాయం అడగాలి కదా. మే 12 రాత్రి 8 గంటలకు ప్రధాని గారు ప్రకటించిన 20 లక్షల కోట్లు ఉండనే ఉన్నాయి. ఆ మాట కొండ మీద దాకా వినిపించింది. తిరుపతిలో అయితే జనం గుర్తుపడతారని, వెంకన్న ధర్మపురి జిల్లా కడత్తూరును ఎంచుకున్నాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలున్న ఊరు. ఆయనకు రెండూ వచ్చు. పైగా అక్కడి బస్టాండు పక్కన టిఫిన్ కొట్టు నడిపే ఒకాయన, అప్పు తీరితే తలనీలాలిస్తానని మొక్కుకున్నాడు. ఇద్దరి పనీ ఒకే బ్యాంకులో అయిపోతుందని స్వామి లెక్క.

బయల్దేరడానికి ముందు లాక్‌డౌన్ ఈ-పాస్. ప్రయాణానికి కారణం ఏమిటని అడిగింది ఫారం. ‘పెళ్ళి’ అని రాశాడు, అబద్ధం ఆడకుండా. పెళ్ళెప్పుడు అంటే, పెళ్ళి ఎప్పుడో అయిపోయింది, ఖర్చే ఇంకా అవుతోంది అన్నాడు. ఆధార్ ఎక్కడ అన్నారు. లోకానికంతా ఆధారం నేనే అని చెబుదామనుకుని, చెక్‌పోస్టులో పోలీసు మొహం చూసి ఊరుకున్నాడు.

టిఫిన్ కొట్టులో ఇడ్లీ పాత్ర బోర్లించి ఉంది. పరోటా పెనం తుడిచి గోడకు ఆనించారు. ఉన్న ఇద్దరు పనివాళ్ళూ ఊళ్ళకు వెళ్ళి తిరిగి రాలేదు.

“రాండన్నా, కూర్చోండి. పార్సిలా?” అన్నాడు ఆయన.

“పార్సిల్ కాదు నాయనా, లోన్.”

“మీకూ తండలేనా?”

తండల్ అంటే కడత్తూరు దాకా వెళ్ళి అడగాల్సిన పనిలేదు, చిత్తూరులో అడిగినా చెబుతారు. పదివేల అప్పంటే ముందే వడ్డీ కోసుకుని ఎనిమిదిన్నర వేలో తొమ్మిది వేలో చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు. కొట్టు తెరిచావా లేదా అన్నది వసూలుకొచ్చే కుర్రాడికి అనవసరం. నాదీ ఇంచుమించు అలాంటిదే, నా ఫైనాన్సియరు ఇంకా మోటారుసైకిలు కొనలేదు, అంతే తేడా అన్నాడు వెంకన్న.

ఇద్దరూ కలిసి బ్యాంకుకు వెళ్ళారు. బయట గీసిన వలయాల్లో నిలబడ్డారు. చేతుల మీద శానిటైజర్ పోస్తే తీర్థమనుకుని స్వామి నోటి దాకా తీసుకెళ్ళబోతే టిఫిన్ కొట్టాయన ఆపాడు. కౌంటర్లో ఆఫీసరు మర్యాదస్తుడే.

“చిన్న వ్యాపారాలకు 3 లక్షల కోట్ల లోన్లు. తాకట్టు లేదు, హామీ అక్కర్లేదు, మొదటి ఏడాది అసలు కట్టక్కర్లేదు. ఇంతకీ మీకు పాత లోన్ ఉందా?”

“ఉంది,” అన్నాడు వెంకన్న, మొదటిసారి ఆ మాట గొప్పగా. “చాలా పాతది.”

“ఏ బ్యాంకు?”

“కుబేరుడు.”

ఆఫీసరు కంప్యూటర్లో వెతికాడు. “రిజర్వు బ్యాంకు లిస్టులో లేరే. ప్రైవేటు పార్టీయా? అయితే కుదరదు సార్. ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకులోనో, రిజిస్టరైన ఫైనాన్స్ కంపెనీలోనో మీ బాకీ ఎంతుందో అందులో 20 శాతం ఇస్తాం. మీ బాకీ సున్నా. సున్నాలో 20 శాతం సున్నా. మంజూరు చెయ్యమంటారా?”

“హామీ?”

“ఆ సున్నాకు ప్రభుత్వం నూటికి నూరు శాతం హామీ సార్.”

సాక్షులను పిలుస్తానన్నాడు వెంకన్న. బ్రహ్మ దూరం గానీ శివుడు ఇక్కడికి దగ్గరే, హరూరు దాటితే తీర్థమలలో ఉంటాడు, కబురంపితే వస్తాడు. ఆఫీసరు ఓపిగ్గా విన్నాడు. ఆ మూడో సాక్షి, రావిచెట్టు, దానికి పాన్ కార్డు ఉందా అని మాత్రం అడిగాడు.

పక్కనున్న టిఫిన్ కొట్టాయనదీ ఇదే కథ. ఆయనకూ బ్యాంకు లోన్ లేదు, తండల్ బాకీ ఉంది. బ్యాంకు నమ్మి ఇదివరకే అప్పిచ్చిన వాడికి ఇంకొంచెం అప్పు ఇవ్వడం, బ్యాంకు నమ్మని వాడికి నమస్కారం పెట్టి పంపడం, దీనికే ఉద్దీపన అని పేరు.

పోనీ చిన్న వ్యాపారంగా పేరైనా నమోదు చేయించుకుందామని ఉద్యం పోర్టల్ తెరిచారు. 2020 జూలై 1న వచ్చిన అప్పటి నిర్వచనాలు ఇవి. కోటి పెట్టుబడి, 5 కోట్ల టర్నోవరు దాకా సూక్ష్మం. 10 కోట్లు, 50 కోట్ల దాకా చిన్నది. 50 కోట్లు, 250 కోట్ల దాకా మధ్యతరహా. స్వామివారి హుండీ ఆ ఆఖరి గీత కూడా దాటిపోతుంది, కాబట్టి ఆయన భారీ పరిశ్రమ. బయట చూస్తే భారీ, లోపల చూస్తే బాకీ. టిఫిన్ కొట్టు సేవారంగం కింద ఎలాగో ఎక్కింది. పక్క కిరాణా కొట్టామె కూడా వచ్చింది గానీ, సరుకు కొని అమ్మేవాళ్ళకు 2017 నుంచి అప్పటిదాకా ఈ జాబితాలో చోటు లేదు. ఆమె పరిశ్రమా కాదు, సేవా కాదు. మార్చి నుంచి వీధి వీధంతా ఆమె దగ్గరే ఖాతా రాయించుకుని తిన్నది, అది ఏ రంగమో పోర్టల్‌కు తెలియదు.

ఇడ్లీల కొట్టూ, 249 కోట్ల కంపెనీ ఒకే వరసలో నిలబడి ఉండటం చూసి వెంకన్న తల ఊపాడు. ఈ క్యూ ఆయనకు తెలియంది కాదు. సర్వదర్శనం వాళ్ళు కంపార్టుమెంట్లలో కూర్చునే ఉంటారు, బ్రేక్ దర్శనం వాళ్ళు బయటికి కూడా వచ్చేసి ఉంటారు. గర్భగుడిలోంచి ఎన్నేళ్ళుగా చూస్తున్నాడో.

ఆఖరి ఆశ స్వనిధి పథకం. వీధి వ్యాపారులకు అప్పట్లో పదివేల అప్పు. మార్చి 24 నాటికి పట్టణంలో వీధి వ్యాపారం చేస్తున్నట్టు టౌన్ పంచాయతీ గుర్తింపు కావాలన్నారు. వెంకన్నకు మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. “నేను మాడవీధుల్లో తిరుగుతాను. బ్రహ్మోత్సవాలకు పొద్దునొకసారి, రాత్రొకసారి.” తిరుగుతారు సరే, ఏం అమ్ముతారు అని గుమస్తా అడిగాడు. అమ్మను, తీసుకుంటాను అన్నాడు స్వామి నిజాయితీగా. గుమస్తా ఆ గడి ఖాళీగా వదిలేశాడు. వాయిదాలు సరిగ్గా కడితే 7 శాతం వడ్డీ రాయితీ ఉంటుందని, డిజిటల్‌గా వసూలు చేస్తే నెలకు వంద రూపాయల దాకా వెనక్కి వస్తుందని చెప్పాడు. ఈ-హుండీ ఉంది కదా అని స్వామి వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. ఏడాదికి 1,200. కుబేరుడి ఒక క్షణం వడ్డీకి చాలదు.

ఇంతలో కుబేరుడే ఫోన్ చేశాడు.

“మారటోరియం 31తో అయిపోయింది స్వామీ. మార్చి నుంచి ఆగస్టు దాకా ఆగిన వడ్డీ అసలుకు కలిపేశాను. ఇకమీద దాని మీద వడ్డీ.”

“ఆగమన్నారు కదా!”

“కట్టడం ఆగమన్నారు, పెరగడం ఆగమనలేదు. కావాలంటే రిజర్వు బ్యాంకు సర్క్యులర్ చదువుకోండి.”

కలియుగాంతం ఇంకొన్ని వేల ఏళ్ళు దూరం జరిగిందన్న మాట. ఈ లెక్కన పుణ్యకాలం ఎన్నటికీ రాదు. వెంకన్న ఫోన్ పెట్టేసి ఆఫీసరును ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. “ఇదంతా నేను చేసిన పని అన్నారట, నిజమా?” అవును సార్, పేపర్లో వచ్చింది అన్నాడు ఆఫీసరు. “మరి నా సంతకం ఎక్కడుంది?”

ఎక్కడా లేదు. మార్చి 24 రాత్రి 8 గంటలకు చెప్పి 12 గంటలకు దేశాన్ని మూసిన కాగితం మీద దేవుడి సంతకం లేదు. 20 లక్షల కోట్ల మూటలో 8 లక్షల కోట్లకు పైగా రిజర్వు బ్యాంకు ద్రవ్య చర్యలే కలిపి చూపించిన పద్దు మీద లేదు. 6 కోట్లకు పైగా చిన్న వ్యాపారాలున్న దేశంలో 45 లక్షల యూనిట్లకు మేలు అని చెప్పి చప్పట్లు కోరిన ప్రకటన మీద లేదు. అద్దె, జీతం, కరెంటు బిల్లు దేనికీ చేతికి ఒక్క రూపాయి ఇవ్వకుండా, చితికినవాడికి ‘ఇంకో అప్పు చేసుకో’ అని చెప్పడాన్ని సాయం అని పిలిచింది మనుషులు. చదువుకున్న మనుషులు. ఇదే వైరస్ జర్మనీకీ వచ్చింది. అయిదుగురి దాకా పనివాళ్ళున్న కొట్టుకు అక్కడి ప్రభుత్వం మూడు నెలలకు 9,000 యూరోల దాకా, తిరిగి కట్టక్కర్లేకుండా ఇచ్చింది. వాళ్ళ దేవుడు వేరు, మన దేవుడు వేరు అంటారా?

జూన్‌లో ఇదే తమిళనాడులో, సాత్తాన్‌కుళంలో, లాక్‌డౌన్ వేళ దాటాక సెల్‌ఫోన్ కొట్టు తెరిచి ఉంచారన్న ఆరోపణతో తండ్రినీ కొడుకునూ పోలీసులు పట్టుకెళ్ళారు. అయిదు రోజులు తిరక్కుండా ఇద్దరూ చనిపోయారు. కొట్టు తెరిస్తే లాఠీ, మూస్తే వడ్డీ. ఈ రెంటి మధ్య ఆరు నెలలు నలిగినవాడి ముందుకొచ్చి, పైకి వేలు చూపించి తప్పుకోవడానికి సిగ్గుండాలి.

నిర్మలమ్మా, మీరు తమిళనాట పుట్టిన ఆడపడుచు, తెలుగింటి కోడలు. కడత్తూరు టిఫిన్ కొట్టాయన రెండు వైపుల నుంచీ మీ మనిషే. ఆగస్టు 31 దాకా మొండి బాకీ కాని ఖాతాలను మొండి బాకీగా రాయొద్దని సెప్టెంబర్ 3న సుప్రీంకోర్టు ఆపింది కాబట్టి లోన్ ఉన్నవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. అదీ కోర్టు ఇచ్చిన ఊపిరి, మీరిచ్చింది కాదు. సెప్టెంబర్ 10న ఆ కేసు మళ్ళీ వచ్చింది. ఆ ఆరు నెలల వడ్డీని ప్రభుత్వం భరిస్తుందని మీ వకీలు చేత అప్పుడే చెప్పించాల్సింది. బ్యాంకు గడప ఎన్నడూ తొక్కనివ్వని కొట్లకు మూడు నెలల అద్దె నేరుగా ఇవ్వాల్సింది, అప్పుగా కాదు. దేవుడి పేరు మాత్రం ఇంకోసారి ఎత్తకండి.