కనకంపు గుండేల? (టీకా తాత్పర్య సహితం)

మూలం

కాగితమ్ముఁ గొట్టఁ గనకంపు గుండేల
కొలత కుదిరెనేని కొనుము వేయి
ఇత్తడెల్ల మరల నింటికిఁ జేరును
సీసమేగెనేని చేరదింక

అవతారిక

ఈ ఆటవెలది టెక్సస్‌లో మా బావమరిది గరాజులో, తూటాలు నింపుకునే ప్రెస్సు పక్కన గోడకంటించిన పసుపు చీటీ మీద దొరికింది. కర్త తానేనని అతను ఒప్పుకోడు. కాదనీ అనడు.

గ్రంథారంభంలో అనుబంధ చతుష్టయం చెప్పడం సంప్రదాయం. విషయం: ఆదివారం పూట కాగితం మీద సరదాగా గురి చూసుకునే 9 మిల్లీమీటర్ల తూటాకు చవకైన గుండు ఎంచుకోవడం. ప్రయోజనం: నాలుగు డాలర్లు మిగలడం. సంబంధం: జేబుకూ సీసానికీ ఉన్నది. ఇక అధికారి ఎవరు? ఇక్కడ కాస్త ఆగాలి. హెచ్-1బి వంటి వీసా మీద ఉన్నవారు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులుంటే తప్ప, తుపాకీ గాని తూటా గాని దగ్గర పెట్టుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కాబట్టి మనవాళ్లకు ఈ శాస్త్రంలో శమదమాదుల కంటే ముందు గ్రీన్‌కార్డు కావాలి. ఇండియాలో ఉన్నవారి సంగతి వేరు. 1959 నాటి ఆయుధ చట్టం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయనివ్వదు. వారు ఈ పద్యాన్ని కేవలం సాహిత్యంగా ఆస్వాదించగలరు.

ప్రతిపదార్థం

కాగితమ్మున్ + కొట్టన్ = కాగితాన్ని కొట్టడానికి. మృగాన్ని కాదు, శత్రువును కాదు. పద్యానికి ఈ పదమే ప్రాణం.

కనకంపు = బంగారంతో చేసినట్టు ధర పలికే. కనకము + గుండు, పుంప్వాదేశ సంధి. ముక్కున గుంట ఉండి, తగలగానే పువ్వులా విచ్చుకునే గుండ్లని ఇక్కడ భావం. అవి ఆత్మరక్షణకు పుట్టినవి. కాగితంలో విచ్చుకునేంత వ్యవధి వాటికి దొరకదు, విచ్చుకున్నా చూసేవాడు లేడు.

గుండు + ఏల = గుండు ఎందుకు? ఇక్కడ శ్లేష. తిరుపతి గుండు అని కొందరు, రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టని మరికొందరు పొరబడ్డారు. బహువచనంలో గుళ్లంటే దేవాలయాల శంక కూడా వస్తుంది, కాబట్టి గుండ్లందాం. లోకంలో తూటానే గుండంటారు గాని, తూటా అవయవి, గుండు అవయవం. ఇత్తడి కేసు, ప్రైమరు, మందు, గుండు, ఈ నాలుగూ కలిస్తే తూటా. ఎగిరేది గుండొక్కటే.

కొలత = వ్యాసం. సాహిత్య వ్యాసం కాదు. 9 మిల్లీమీటర్ల జాతిలో రాగి తొడుగు గుండు 0.355 అంగుళాలుంటుంది. పూత పూసిన సీసపు గుండు సాధారణంగా 0.356. వెయ్యో వంతు అంగుళమే కదా అనకూడదు. పిస్తోలు గొట్టానికి గుండు సన్నమైతే వేడి వాయువు పక్క నుంచి దూరి, సీసాన్ని గొట్టం లోపలి గాట్లకు పులిమి పోతుంది. మిగుల్చుకున్న డాలర్లకు బదులు సాయంత్రమంతా బ్రష్షుతో తోమడం దక్కుతుంది.

కుదిరెనేని = కుదిరితే. కుదరకపోతే ఎంత చవకైనా వద్దని ధ్వని.

వేయి = వెయ్యి గుండ్లు. 115 గ్రెయిన్ల గుండ్లు వెయ్యంటే 16.4 పౌండ్లు, అంటే ఏడున్నర కిలోలకు కాస్త తక్కువ. 7,000 గ్రెయిన్లు ఒక పౌండు. మన కంసాలి లెక్కలో ఒక్కో గుండు సుమారు 61 గురివింద గింజల ఎత్తు. గురికీ గురివిందకూ ఉన్న ఈ బాంధవ్యం కవికి తట్టలేదు, టీకాకారుడికి తట్టింది. బరువు పెరిగితే సీసం పెరుగుతుంది, దాంతో ధరా పెరుగుతుంది. కాగితానికి మాత్రం చిల్లు చిల్లే.

ఇత్తడి + ఎల్లన్ = కేసులన్నీ. పేలాక కింద పడతాయి. నడుం వంచి ఏరుకుంటే వాటికి పునర్జన్మ ఉంది. "అన్నీ" అనడం కవి అతిశయోక్తి. గడ్డిలో పడ్డవి మోక్షం పొందుతాయి.

సీసము + ఏగెనేని = సీసం వెళ్లిపోతే. చేరదు + ఇంక = ఇక రాదు. ప్రతిసారీ కొనక తప్పనిది కాబట్టే గుండు ధర దగ్గర ఇంత చర్చ.

పూర్వపక్షం

"అలాగైతే అన్నిటికన్నా చవకైన ఉట్టి సీసపు గుండే కొనరాదా?" అని శంక. కొనవచ్చు. అయితే దాని మీది మైనపు కందెన మండి పొగ లేస్తుంది. గ్లాక్ వంటి బహుభుజి గొట్టాల పిస్తోళ్లకు ఉట్టి సీసం వద్దన్నది పెద్దల మాట. పాలిమర్ పూత వేసిన సీసం ధరలో దానికి కాస్త పైన నిలిచి, పొగనూ గొట్టం మురికినీ తగ్గిస్తుంది. పల్చగా రాగి పొర ఎక్కించినది ఇంకో మెట్టు పైన. కేసు మూతిని గట్టిగా నొక్కితే ఆ రాగి పొర చీలుతుంది, కాబట్టి మెల్లగా నొక్కాలి. దళసరి రాగి తొడుగుది మరో మెట్టు. పూత గుండు చాలు అని సిద్ధాంతం.

మందు మోతాదు విషయంలో కవి మౌనం వహించాడు. అది లోపం కాదు, వివేకం. ఆ విషయంలో ఆటవెలది ప్రమాణం కాదు. ఆ గుండుకే ప్రత్యేకించి అచ్చైన మాన్యువల్ పట్టికే వేదం. ఒక రకం గుండుకు చెప్పిన మోతాదును ఇంకో రకానికి అన్వయించడం వ్యాకరణంలో దోషం, గరాజులో ప్రమాదం.

పాఠభేదం

చీటీ మీద రెండో పాదంలో "కొనుము" కొట్టేసి, పెన్సిలుతో "కొనకు" అని దిద్ది ఉంది. దస్తూరి మా చెల్లెలిది. గణం చెడలేదు, యతి చెడలేదు, అర్థం మాత్రం తలకిందులైంది. చెల్లెలి హేతువు బలమైనదే: చవగ్గా వచ్చాయని వెయ్యి తెచ్చినవాడు డబ్బు మిగల్చడు, రెట్టింపు కాలుస్తాడు.

ఏ పాఠం గ్రాహ్యం? రెండూ. మొదట నూరు గుండ్ల పొట్లం తెచ్చి, తన పిస్తోలుతోనే కాల్చి చూడాలి. చిల్లులు ఒకచోట గుమిగూడి, గొట్టంలో సీసపు చారలు కనబడకపోతే "కొనుము". లేదంటే "కొనకు".

తాత్పర్యం

కాగితానికి ధర చదవడం రాదు. గొట్టానికి కొలత చదవడం వచ్చు. కాబట్టి డబ్బు పేరు మీద కాక కొలత మీద పెట్టాలి.

ఫలశ్రుతి

దీన్ని చదివినవారు, సీసం ముట్టిన చేతులను సబ్బుతో కడుక్కున్నాకే మిరపకాయ బజ్జీ ముట్టుకోవలెను.