రెండొందల అరవై నాలుగు పౌండ్ల పుణ్యం

ఏప్రిల్ 5వ తేదీ రాత్రి భోజనాలయ్యాక మావాడికి హఠాత్తుగా దైవభక్తి కలిగింది.

వాడిది ఇంగ్లండులోని రెడింగ్. ఆర్నెల్ల వీసా మీద నేనూ మా ఆవిడా వచ్చి చలికి ముడుచుకు కూర్చుని మూడు నెలలైంది. "అమ్మా, గుడికి ఏమైనా ఇద్దామనుకుంటున్నాను" అన్నాడు, లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా. మా ఆవిడ కళ్లు చెమర్చాయి. హుండీలో వెయ్యమని రూపాయిస్తే అర్ధరూపాయి వేసి, తక్కిన అర్ధకి పుల్లైసు కొనుక్కున్న చెయ్యి అది.

"ఎంతిస్తావు నాన్నా? నూటపదహార్లా?"

"రెండొందల అరవై నాలుగు పౌండ్లు."

నూటపదహార్లు తెలుసు, వెయ్యిన్నూటపదహార్లు తెలుసు. ఈ 264 ఏ దేవుడికి ఇష్టమైన అంకెరా అని అడిగాను. "హెచ్ఎంఆర్సీకి" అన్నాడు. ఎవరో కొత్త అమ్మవారనుకుని మా ఆవిడ చెంపలేసుకుంది. ఇక్కడి పన్నుల శాఖ పేరది.

సంగతేమిటంటే, ఈ దేశంలో 2015 నుంచి ఆలుమగలకి మ్యారేజ్ అలవెన్స్ అని ఒక వరం ఉంది. మనిషికి ఏడాదికి 12,570 పౌండ్ల దాకా పన్ను లేదు. ఇద్దరిలో ఒకరికి అంత సంపాదన లేకపోతే, అందులోంచి 1,260 పౌండ్లు రెండోవాళ్ల పేరున మార్చుకోవచ్చు. దాని మీద 20 శాతం, అంటే 252 పౌండ్లు, రెండోవాళ్లకి పన్ను తగ్గుతుంది. మా కోడలికి ఇంకా ఉద్యోగం దొరకలేదు కనక ఆమె వాటా ఊరికే పడి ఉంది. పెళ్లి మాత్రం చట్టప్రకారం అయి ఉండాలి. ఇరవయ్యేళ్లు చిలకా గోరింకల్లా కలిసున్నా కాగితం లేకపోతే దమ్మిడీ రాదు. కాగితం ఉండి రోజూ పళ్లేలు విసురుకుంటున్నా 252 పౌండ్లూ వస్తాయి.

మెలిక ఒకటే. పుచ్చుకునే మనిషి 20 శాతం శ్లాబు దాటకూడదు. ఆ గడప 50,270 పౌండ్లు, స్కాట్లండ్‌లో ఇంకా కింద. ఒక్క పౌండు దాటినా 252 మొత్తం గోవిందా. కొంచెం కొంచెంగా కోసే దయ కూడా లేదు. లక్ష్మణుడు కూడా గీత ఇంత నిక్కచ్చిగా గీసి ఉండడు. మావాడి జీతం సరిగ్గా 50,600.

ఇక్కడే దేవుడు ప్రవేశించాడు. 1990లో పెట్టిన గిఫ్ట్ ఎయిడ్ అనే ఏర్పాటు ప్రకారం, దాత ఫారం మీద ఒక టిక్కు పెడితే, ఇచ్చిన ప్రతి పౌండుకీ 25 పెన్నీలు సర్కారు నుంచి ఆ ధర్మసంస్థ రాబట్టుకుంటుంది. మావాడు 264 ఇస్తే గుడికి 66 కలిసి 330 చేరతాయి. చిత్రం అది కాదు. ఆ 330 మేరకి దాతగారి 20 శాతం శ్లాబు సాగుతుంది. 50,270 దగ్గరున్న గడప జరుగుకుంటూ వచ్చి 50,600 దగ్గర ఆగుతుంది. జీతం పైసా తగ్గలేదు, మావాడు మాత్రం గడపకి ఇవతలే ఉన్నాడు.

వాడు కరెంటు బిల్లు వెనక వేసిన లెక్క నా దగ్గరే ఉంది. ఆ 330 మీద 40 శాతం కట్టాల్సింది 20కి దిగింది కనక మిగిలినవి 66. తిరిగొచ్చిన మ్యారేజ్ అలవెన్స్ 252. మొత్తం 318. దేవుడికిచ్చింది 264. నికర లాభం 54 పౌండ్లు. 54 కింద రెండు గీతలు.

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని మనం నవ్వుతాం. ఇక్కడ అల్లుడు దానమూ చేస్తాడు, కమీషనూ పుచ్చుకుంటాడు. గుడికొచ్చిన 66, వీడికొచ్చిన 318, వెరసి 384 పౌండ్లు ఖజానాలోంచి కదిలాయి. ఎదురింట్లో టాక్సీ నడిపే ఆయనకి ఈ పుణ్యంలో తనకూ వాటా ఉందని తెలీదు.

బలి చక్రవర్తిని ఆపబోయి, కమండలం కొమ్ములో దూరి కన్ను పోగొట్టుకున్నాడు శుక్రాచార్యుడు. రెడింగ్‌లో అకౌంటెంటై ఉంటే ఆ కన్ను దక్కేది. "ఇవ్వు నాయనా, మూడడుగులూ ఇవ్వు, టిక్కు మాత్రం మర్చిపోకు" అనేవాడు.

నన్ను నేను వెనకేసుకు రావడం లేదు. మా తెనాలిలో నేను కొత్త పన్ను విధానంలోకి మారాక, విరాళాల మీద వచ్చే 80జీ మినహాయింపు పోయింది. అప్పట్నుంచి అనాథాశ్రమంలో రశీదు అడగడం మానేశాను. ఇవ్వడం కూడా మానేశాననుకోండి, అది వేరే సంగతి.

ఇంతలో వంటింట్లోంచి కోడలు, "ఏవండీ, దీపావళికి నేను గుళ్లో 40 పౌండ్లిచ్చాను. అదీ కలుపుకోండి" అంది.

మావాడి చెయ్యి ఆగిపోయింది. "టిక్కు పెట్టావా?"

"బల్ల దగ్గరున్న పెద్దాయన పెట్టమన్నారు."

పెట్టకూడదట. సర్కారు గుడికిచ్చే 25 పెన్నీలు, దాత అప్పటికే కట్టిన పన్నులోంచి తీసిచ్చినట్టు లెక్క. పన్నే కట్టని మనిషి టిక్కు పెడితే, గుడి రాబట్టుకున్న 10 పౌండ్లూ ఆ మనిషే సర్కారుకి కట్టుకోవాలి. పోనీ మొగుడి ఖాతాలో రాద్దామంటే కుదరదు. ఎవరి దానం వారిది. మా ఆవిడకి ఇది మింగుడు పడలేదు. పెళ్లాం నీళ్లు వదిలితే గాని ధార పోసినట్టు కాదు, రాముడంతటివాడు యజ్ఞానికి బంగారు సీతని పక్కన పెట్టుకున్నాడు, అంది. మావాడు క్షణం ఆలోచించాడు. బంగారు సీతకి ఆదాయం సున్నా, టిక్కులు పెట్టే అలవాటూ లేదు.

పక్కింటి తెల్ల తాతగారిది ఇంకో కథ. ఆలుమగల్లో ఒకరైనా 1935 ఏప్రిల్ 6కి ముందు పుట్టినవాళ్లైతే మ్యారీడ్ కపుల్స్ అలవెన్స్ అని వేరే ఉంది. 2025-26 లెక్కల్లో పన్ను 436 నుంచి 1,127 పౌండ్ల దాకా తగ్గుతుంది. ఆదాయం 37,700 దాటితే, పైబడిన ప్రతి 2 పౌండ్లకీ అలవెన్స్ 1 పౌండు కోస్తారు. 2005 డిసెంబరు 5కి ముందు పెళ్లైన జంటకి భర్త ఆదాయమే చూస్తారు, ఆ తర్వాతవాళ్లకి ఎవరిది ఎక్కువైతే వారిది. దానం ఈ ఆదాయాన్నీ తగ్గిస్తుంది. మావాడు గోడ మీదుగా ఆయనకి లెక్క చెప్పాడు: లైఫ్‌బోట్ల సంఘానికి 80 పౌండ్లిస్తే మీకు 5 పౌండ్లు మిగులుతాయి అని. ఏళ్ల తరబడి నవ్వుతూ ఇస్తున్న ఆ పెద్దాయన, "ఐదేనా?" అని మొదటిసారి మొహం ముడుచుకున్నాడు.

పన్నెండు కావస్తోంది. ఇంగ్లీషువాళ్ల పన్ను ఉగాది ఏప్రిల్ 6. 1752లో క్యాలెండరు మార్చుకుని జనం 11 రోజులు పోగొట్టుకున్నారు గాని, ఖజానా ఒక్క రోజూ పోగొట్టుకోలేదు. మార్చి 25న మొదలయ్యే లెక్కల ఏడాదిని అలా జరుపుకుంటూ ఇక్కడికి తెచ్చింది. తొందరేమిట్రా, పొద్దున్నే ఇద్దువులే అన్నాను. రేపిచ్చినా పాత ఏడాదిలో రాసుకోవచ్చట, జనవరి 31 లోగా రిటర్న్ వేసేటప్పుడు చూపిస్తే చాలట. "కానీ ఎందుకు నాన్నా, ఇప్పుడే అయితే మనశ్శాంతి" అన్నాడు.

"పైన ఒక్కటైనా వెయ్యకుండా ఇవ్వకూడదురా. 265 చెయ్యి" అంది వాళ్లమ్మ.

"ఆ చివరి పౌండు మీద ఏమీ రాదమ్మా. మొత్తం మన జేబులోంచే పోతుంది."

మా ఆవిడ లేచి వెళ్లి, సంచీలోంచి పౌండు నాణెం తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఆ ఒక్కటీ నేనిస్తాలే."

మావాడు దానికేసి చూసి, లాప్‌టాప్ మూసి, గొంతు తగ్గించి అన్నాడు: "ఇవ్వమ్మా. టిక్కు మాత్రం పెట్టకు."